‘గలెత్’ అన్న మనిషి

గొనేరి పాలసీసా మూత తీసి ముందు వాసన చూస్తాడు, ఆ తర్వాతే గ్లాసులో పోసుకుంటాడు. ఆ పాలు సొంత ఆవువే అయినా సరే. రొట్టె కొంటే తిరగేసి అడుగు చూస్తాడు. రేపు ఎండ కాస్తుందని రేడియోలో చెప్పారంటే గొడుగు దులిపి తలుపు పక్కన పెట్టుకుంటాడు. మా ఊరు ప్లేబెన్‌లో అతన్ని ఎరిగినవాళ్ళెవరూ ఇందుకు నొచ్చుకోరు. కొత్తవాళ్ళు మాత్రం కాస్త బిక్కచచ్చిపోతారు.

అతను పనిచేసింది ఆపిల్ రసం పులియబెట్టి సైడర్ తీసే మిల్లులో. రైతులు తెచ్చిన ఆపిల్ గోనెలు తూకం వేసేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గోనె అడుగున రాయి దొరికింది. అంతే, ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి గోనెలోనూ మోచేతి దాకా చెయ్యి దూర్చి కెలికాడు. మళ్ళీ ఎప్పుడైనా రాయి దొరికిందని నేనైతే వినలేదు. ఇప్పుడు గోనెలు లేవు కనుక మనుషుల్లో కెలుకుతుంటాడు. నేను అతని పక్కింటిదాన్ని, పేరు లెనా. నా మొగుడు పోయినప్పుడు శవపేటిక చెక్క మంచిదో కాదో తట్టి చూసింది కూడా గొనేరే. అప్పుడు తిట్టాను గానీ, ఆ రోజు అంత శ్రద్ధ ఇంకెవరు పెట్టారు?

అతని చెల్లెలు రోజెన్. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయినప్పటి నుంచి అన్నకు వండిపెడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. గట్టిగా నవ్వడం గానీ, గట్టిగా అడగడం గానీ ఆమెకు తెలియదు. శుక్రవారం వచ్చిందంటే అందరిళ్ళలోలాగే వాళ్ళింట్లోనూ క్రేప్‌లే, పల్చటి అట్లు. రోజెన్ పెనం ముందు నిలబడి, నల్ల గోధుమ పిండి పోసి, కర్రతో గుండ్రంగా తిప్పి, అట్లకాడతో ఒక్కొక్కటే తీసి అన్న పళ్ళెంలో వేసేది. గొనేరి కత్తి మొనతో అంచును తట్టేవాడు. కరకరమంటే తలూపేవాడు. లేకపోతే, “ఇవాళ అంచు మెత్తబడిందే,” అనేవాడు. అన్న తిన్నాక మర్నాటికి కొన్ని పోసి, గుడ్డలో చుట్టి, గ్యాసు ఆపి, పెనం తుడిచి, ఆ గుడ్డలోంచి ఒకటి లాగి సింకుకు ఆనుకుని నిలబడి తినేది. మా వైపు పెనం దగ్గరి మనిషి తినేది అలాగే. అందులో వింతేముందని ఎవరైనా చూస్తారు?

కిందటి వసంతంలో రోజెన్ కంటి ఆపరేషన్‌కు రెన్ నగరానికి వెళ్ళింది. చిన్నమ్మ కూతురింట్లో ఉండి, ఆసుపత్రికి వెళ్ళొచ్చే దారిలో ఒక చిన్న క్రేప్‌ల హోటల్‌కు అలవాటు పడింది. దాని యజమాని ఎమిల్ కారియు, భార్య పోయినవాడు. కన్ను బాగైంది గానీ రెన్ ప్రయాణాలు ఆగలేదు. ఫోన్లు మొదలయ్యాయి. ఒకరోజు ఆ ఫోను గొనేరి ఎత్తాడు.

కాసేపటికి పెరటి తలుపు తోసుకుని మా వంటింట్లోకి వచ్చాడు.

“లెనా, వాడు దొంగ.”

“ఎవడు?”

“ఆ రెన్ వాడు. ‘ఓసారి మా గలెత్‌లు తినడానికి రండి’ అన్నాడు నాతో.”

“అయితే?”

“అయితే ఏంటే! మన సముద్రం వైపు, దువార్నెనేలో పుట్టానని రోజెన్‌తో చెప్పాడు. వాళ్ళమ్మ రేవు దగ్గర క్రేప్‌లు అమ్మేదట. దువార్నెనే వాడి నోట్లోంచి గలెత్ అన్న మాట ఊడిపడుతుందా?”

అతన్ని అని లాభం లేదు. ఈ సముద్రం వైపు మనిషికి పిండి నల్లదైనా తెల్లదైనా అది క్రేపే. నల్లదాన్ని గలెత్ అనేది రెన్ వాళ్ళు. ఆ ఒక్క మాట మీద మా దగ్గర పెళ్ళి విందుల్లో కూడా గొడవలయ్యాయి. నా చెవికీ అది గుచ్చుకుంది, అబద్ధమెందుకు.

“పుట్టిన ఊరి దగ్గరే అబద్ధమాడినవాడు ఇంకేం నిజం చెబుతాడు?” అన్నాడు గొనేరి.

అసలు సంగతి మర్నాడు రోజెన్ చెప్పింది, చిక్కుడుకాయలు వలుస్తూ, తల ఎత్తకుండా. ఎమిల్ పెళ్ళి చేసుకుందామని అడిగాడట. అన్నయ్య వచ్చి చూసి సరేనంటేనే తను సరేనంటానని చెప్పిందట.

“వద్దంటే?” అన్నాను.

“వద్దంటే వద్దు. అన్నయ్యను కాదని నేను ఎక్కడికి పోను, లెనా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో ఒక్కసారి తనకంటూ ఏదో కావాలనుకుంది ఆ పిల్ల. జుట్టు నెరిసినా నాకు పిల్లే. ఆ కోరికను తీసుకెళ్ళి, సొంత ఆవు పాలనే నమ్మనివాడి చేతిలో పెట్టింది.

శనివారం నా కారులోనే బయల్దేరాం. గొనేరి తన సైడర్ సీసా ఒకటి కోటు కింద దాచుకున్నాడు, అక్కడిది తాగాల్సి వస్తే పక్కన పెట్టి పోల్చి చూస్తాడట. రెన్ చేరాక జేబుదొంగల భయంతో కోటు జేబు మీద నుంచి చెయ్యి తీయలేదు. సంతలో జనం సాసేజ్‌ను చల్లటి గలెత్‌లో చుట్టుకుని కొరుక్కుంటూ పోతున్నారు.

“నడుస్తూ తింటున్నారు చూడు. వీళ్ళనెవరైనా తరుముతున్నారా?” అన్నాడు.

“నిన్ను చూసి పారిపోతున్నారు,” అన్నాను. రోజెన్ నవ్వలేదు. కొత్త స్కార్ఫు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నడుస్తోంది.

ఎమిల్ హోటల్ ఒక సందులో ఉంది. తలుపు మీద బోర్డు, దాని మీద పెద్ద అక్షరాలతో ‘గలెత్‌లు’ అని. గొనేరి మోచేత్తో నన్ను పొడిచాడు. లోపల బల్లలు కొన్నే, మధ్యాహ్నం రద్దీ అయిపోయింది. ఎమిల్ భారీ మనిషి, మణికట్టు దాకా పిండి. మా ముగ్గురికీ చెంపలు ఆనించి పలకరించి, కిటికీ పక్క బల్ల చూపించాడు. రోజెన్ కోటు తగిలించి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, అలవాటుగా పెనం వైపు నడిచింది.

ఎమిల్ అడ్డంగా నిలబడ్డాడు. “అటొద్దు. ఇవాళ అటు రాకూడదు. వెళ్ళి కూర్చో, రోజెన్.”

గొనేరి కళ్ళు మెరిశాయి. చాలా ఏళ్ళ తర్వాత అతని చేతికి రాయి తగిలింది.

సైడర్ వచ్చింది, పింగాణీ కప్పుల్లో. గొనేరి కప్పును కిటికీ వెలుతురుకెత్తి చూశాడు.

“పింగాణీలోంచి ఏం కనబడుతుంది, నీ మొహం?” అన్నాను.

అతను పట్టించుకోకుండా ఒక గుక్క తాగాడు. నోట్లోనే తిప్పాడు. మింగాడు. మొహం వాడిపోయింది, సైడర్ బాగుంది మరి. కోటు కింది సీసా బయటికి తీయలేదు.

“మంచిది ముందు పెట్టి ముంచడం పాత పద్ధతే,” అని నా చెవిలో గొణిగాడు. తర్వాత గొంతు పెంచి, “మీది దువార్నెనే అట కదా. ఏ వీధి?” అన్నాడు.

“రేవు కింద, చేపల ఫ్యాక్టరీ వెనక అండీ.”

“వీధి పేరు?”

“పేరేదో ఉండే ఉంటుంది. మేం కంపు వీధి అనేవాళ్ళం.”

“మీ అమ్మగారు అమ్మేదేమిటి?”

“క్రేప్‌లండీ.”

“మరి ఆ బోర్డు?”

“బోర్డు రెన్ వాళ్ళ కోసం. ఇక్కడ క్రేప్ అని రాశానంటే తీపిదనుకుని పంచదార చల్లి తెమ్మంటారు. ఇన్నేళ్ళు వీళ్ళకు తిండి పెట్టి పెట్టి నా నాలుక కూడా తిరిగిపోయింది. మొన్న ఫోన్లో మీతో అలా అన్నాక, పెట్టేసి నన్ను నేనే తిట్టుకున్నాను.”

నాకైతే ఆ జవాబు సరిపోయింది. గొనేరికి సరిపోలేదు. “జవాబు వండి సిద్ధంగా పెట్టుకున్నాడు. నిజం చెప్పేవాడు కాస్త తడుముకుంటాడు,” అన్నాడు నాతో.

ఇంతలో రోజెన్ మళ్ళీ లేచింది, పక్క బల్ల మీద ఖాళీ పళ్ళేలు తీద్దామని. “కూర్చో రోజెన్, నీకు పుణ్యముంటుంది,” అన్నాడు ఎమిల్ అటువైపు నుంచే. ఆమె దెబ్బ తిన్నట్టు కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో దాచుకుంది.

“చూశావా? పిండిలో ఏదో కలిపాడు. అది వేలు పెట్టిందంటే పట్టేస్తుందని భయం,” అన్నాడు గొనేరి.

నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకూ అనుమానం పుట్టింది. పెళ్ళాడబోయే మనిషిని, అందులోనూ ఇంత పనిమంతురాలిని, పెనం దగ్గరికి రానివ్వకపోవడమేమిటి? దాచడానికి ఏమీ లేనివాడు ఇంతగా కాపలా కాస్తాడా?

ఎమిల్ వెన్న కోసం వెనక గదిలోకి వెళ్ళాడు. నేను కప్పు కింద పెట్టి చూసేసరికి గొనేరి కుర్చీలో లేడు. పెనం వెనక ఉన్నాడు. చొక్కా చెయ్యి పైకి లాగి, పిండి తొట్టిలో మోచేతి దాకా దూర్చి అడుగంతా కెలుకుతున్నాడు.

“అన్నయ్యా!” రోజెన్ కేక వేసింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

వెన్న గిన్నెతో ఎమిల్ గుమ్మంలో నిలబడిపోయాడు. గొనేరి చెయ్యి పైకి తీశాడు. బూడిదరంగు పిండి మోచేతి నుంచి బూటు మీదకు కారుతోంది.

“ఏమైనా దొరికిందాండీ?” అన్నాడు ఎమిల్.

గొనేరి మణికట్టు నాకి చూశాడు. “నల్ల గోధుమ. నీళ్ళు. ఉప్పు.” ఇంకోసారి నాకాడు. “గుడ్డు లేదు.”

“మా అమ్మ వేసేది కాదు.”

“మా అమ్మా వేసేది కాదు,” అన్నాడు గొనేరి, ఇష్టం లేకుండానే. వెంటనే మళ్ళీ గొంతు పెంచాడు. “మరి దీన్ని ఇటెందుకు రానివ్వవు? ఏం దాస్తున్నావ్?”

ఎమిల్ వెన్న గిన్నె కింద పెట్టాడు. ఈసారి అతను తడుముకున్నాడు.

“మీ చెల్లెలు మొదటిసారి వచ్చిన రోజు, పక్క బల్ల వాళ్ళు ఆకలితో ఉన్నారని తన పళ్ళెం వాళ్ళకిచ్చేసింది. తర్వాత నాకు సాయం చేస్తానని ఇటొచ్చింది. అందరివీ అయ్యాక గుడ్డ కింద మిగిలింది ఒకటి తీసుకుని, అదిగో ఆ గోడకు ఆనుకుని నిలబడి తింది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయండీ. ఎప్పుడొచ్చినా అంతే. పెనం దగ్గరకొస్తే ఇక కూర్చోదు. ఈవిడ వేడిది తినగా నేనింతవరకూ చూడలేదు. కనీసం ఇవాళ చూద్దామనుకున్నాను.”

గొనేరి చెయ్యి మునిగిన తొట్టిని ఎమిల్ పక్కకు జరిపాడు, వేరే గిన్నెలో పిండి తెచ్చాడు, ఒక క్రేప్ పోశాడు. వెన్న తప్ప ఇంకేమీ వెయ్యలేదు. తీసుకొచ్చి రోజెన్ ముందు పెట్టాడు.

రోజెన్ దాన్ని చూసింది. తర్వాత పళ్ళేన్ని రెండు చేతులతో అన్న కుర్చీ వైపు జరిపింది. “అన్నయ్య ముందు.”

గొనేరి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. చేతి మీద పిండి ఆరి పొలుసులు కడుతోంది. శుభ్రంగా ఉన్న చేతి వేలితో పళ్ళేన్ని చెల్లెలి వైపు నెట్టాడు.

“తిను. చల్లారిపోతుంది.”

ఆమె ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కరకరమన్న చప్పుడు నాకు వినబడింది. ఆమె నమలడం ఆపేసి మమ్మల్ని చూసి, మళ్ళీ నమిలింది. గడ్డం మీద వెన్న కారింది. నవ్వు మొదలైంది ఆమె మొహంలో.

“ఇదా అంచంటే! ఇన్నాళ్ళూ మెత్తబడిందీ, మెత్తబడిందీ అని నువ్వు అంటుంటే, మెత్తబడనిది నోట్లో ఎలా ఉంటుందో నాకేం తెలుసు, అన్నయ్యా?”

నిష్ఠూరంగా అనలేదు. పసిపిల్లలా సంబరపడుతూ అంది. నిష్ఠూరంగా అని ఉంటే బాగుండేది, గొనేరి ఎదురు తిరిగి అరిచేవాడు. అతను వెళ్ళి కుళాయి తిప్పి, మాకు వీపు పెట్టి చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు. పిండి పోయాక కూడా కడుగుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేం లేదు.

తిరిగొచ్చి కోటు కింది సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

“బావా, నీ మీద నాకింకా నమ్మకం కుదరలేదు,” అన్నాడు. బావా అన్న మాట విని రోజెన్ చేతిలో ముక్క అలాగే ఆగిపోయింది. “నేను వస్తుంటాను. చెప్పా పెట్టకుండా వస్తాను. ఇది నిలబడి తింటూ నా కంట పడిందో, ఊరుకోను.”

“రండి, ఎప్పుడైనా రండి. కిటికీలోంచి చూడండి,” అన్నాడు ఎమిల్, సీసా మూత తీస్తూ.

ఆపిల్‌లు కోసే రోజుల్లో పెళ్ళయింది. ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం గోడ మీదుగా మా ఇంట్లోకి మాడు వాసన వచ్చింది. ఇల్లు తగలబెట్టుకుంటున్నాడేమోనని పెరటి తలుపు తోసుకుని పరిగెత్తాను. గొనేరి రోజెన్ ఏప్రన్ కట్టుకుని పెనం ముందు నిలబడి ఉన్నాడు. చుట్టూ పిండి. బల్ల మీద ఒక పళ్ళెం, అందులో నాలుగు చోట్ల చిరిగిన క్రేప్.

“వచ్చావా. కూర్చో,” అన్నాడు.

నేను దాన్ని తిరగేసి అడుగు చూశాను.

“ఏం వెతుకుతున్నావ్?”

“రాయి.”

“నోరు మూసుకుని వేడి మీద తిను.”

తిన్నాను. ఒక పక్క మాడింది, ఇంకో పక్క పచ్చి. ఇంకొకటి వేశాడు. అదీ తిన్నాను. నువ్వు కూడా కూర్చోవయ్యా అంటే, నా పని అవనీ అన్నాడు. మిగిలినవి గుడ్డలో చుట్టి, గ్యాసు ఆపి, పెనం తుడిచాడు. తర్వాత గుడ్డలోంచి ఒకటి లాగి, సింకుకు ఆనుకుని, రోజెన్ నిలబడే చోటే నిలబడి నమలడం మొదలుపెట్టాడు. అంచు ఎలా ఉందని నేను అడగలేదు.