బావ వెతికిన విమానం

మా అక్క మొగుడు, మా బావ, మంగళవారం పొద్దున ఫిషింగ్ హార్బర్‌లో వల బాగుచేస్తూనే పక్కకి ఒరిగిపోయాడు. నేను పనిచేసే పోర్టు ఆఫీసుకి కబురొచ్చి వెళ్లేసరికే ప్రాణం పోయింది, నైలాన్ దారం ఇంకా వేళ్లకి చుట్టుకునే ఉంది.

మీలో ఎవరైనా ఆ గట్టుమీద నడిచి ఉంటే బావని చూసే ఉంటారు. విమానం మోత వినిపిస్తే చాలు, దారం వదిలేసి తలెత్తేవాడు. ముడి చూసి వల ఎవరు కట్టారో, పలక అతుకు చూసి పడవ ఎవరిదో చెప్పేవాడు. "రెండు పడవలు ఒక్కలాగుండవు బావా" అనేవాడు. నా పెళ్లిలో అంచు చూసి పంచె అరువుదని అందరి ముందూ చెప్పి నా పరువు తీశాడు.

బావ తమ్ముడు ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కు. యుద్ధంలో అతనెక్కిన విమానం తిరిగి రాలేదు. ఆచూకీ లేదని ఉత్తరం వచ్చింది కాని, పోయాడని రాయలేదు. సముద్రంలో తప్పిపోయినవాళ్లకి, పడవ ముక్కైనా ఒడ్డుకి చేరేదాకా బావ ఇంట్లో దినం చేయరు. తమ్ముడికీ చేయలేదు.

ఢిల్లీలో పాత విమానాల మ్యూజియం ఉందని నేనే నోరు జారాను. తీసుకెళ్లేదాకా వదల్లేదు. అక్కడ, తమ్ముడు పంపిన ఫోటోలో ఉన్నటువంటి విమానమే కనిపించింది. బావ చెప్పులు విప్పేశాడు. రెక్క కింద రేకు తడిమి, నావైపు తిరిగాడు.

"ఇదే బావా! ఇదొచ్చీసింది గదా, మరి మా తమ్ముడేడీ? ఆ బాబునడుగు."

కాపలా అతన్ని నాకొచ్చిన హిందీలో అడిగాను. ఇలాంటివి వందల్లో చేశారన్నాడు. ఆ మాట బావకి చెప్పక తప్పలేదు.

"ఒక్కలాంటియ్యే వందలా?" అంటూ నేలమీద కూలబడ్డాడు. "మరాడిది ఏదో ఎలా తెలుత్తాది బావా?"

ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఎందుకు తీసుకెళ్లానా అని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. తిరుగు రైల్లో ఒక్కటే మాట అన్నాడు. "ఆడి ఇమానం ముక్కైనా నాను సూడకుండా ఆడికి పిండమెట్టకండి."

పదో రోజున, కొడుకుల్లేని బావకి నేనే కర్మ చేశాను. అక్క రెండు పిండాలు చేసి తెచ్చింది.

"ఆల తమ్ముడిక్కూడా పెట్టీరా. ఇంక వొద్దనీవోడు లేడు గదా."

మొదటిది ఆకులో పెట్టాను. కాకి ముట్టింది. రెండోది పెట్టబోతుంటే సముద్రం మీదుగా విమానం మోత వినిపించింది. నా చెయ్యి ఆగిపోయింది.

అక్క తలెత్తి చూస్తోంది.