శనివారం తనిఖీ

పద్మారావు నగర్ యేసుదాసు రైల్వేలో టికెట్లు చూసే ఉద్యోగం నుంచి రిటైరై మూడేళ్లయింది. నల్లకోటు విప్పేశాడు గానీ, ప్రతి శనివారం పొద్దున్నే పాలిష్ చేసిన బూట్లు, జేబులో పెన్నుతో మళ్లీ డ్యూటీకి బయల్దేరతాడు. ఊరి బయటి అభయారణ్యంలో గార్డు పర్వతాలుకు తోడుగా తిరుగుతూ, వేటగాళ్లు పెట్టిన ఉచ్చులు తీసేయడం ఇప్పుడాయన కొలువు. జీతం లేదు. కాళ్లు ఎడంగా వేస్తూ, కదిలే బండిలో నడిచినట్టే అడవిలోనూ నడుస్తాడు. ప్రతి పొద కిందా బెర్తు కింద వెతికినట్టు వంగి చూస్తాడు. "జెర నడుం పైలం సార్" అని పర్వతాలు నవ్వుతాడు.

మొన్న కట్టెలమోపుతో ఒకడు ఎదురొచ్చాడు. యేసుదాసు అలవాటుకొద్దీ చెయ్యి చాచి, "టికెట్" అన్నాడు. వాడూ అలవాటుకొద్దీ జేబులో చెయ్యి పెట్టి, అందింది తీసి ఇచ్చాడు. అది బండి క్లచ్ వైరుతో అల్లిన ఉచ్చు. యేసుదాసు దాన్ని టికెట్‌లాగే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"టికెట్ అనంగనే చెయ్యి దానంతటదే పోయింది సార్" అన్నాడు వాడు ఏడుపు మొహంతో.

"మంచిగైంది. మిగిలినయి యాడున్నయో చూపియ్యి. రైల్ల ఆఖరు డబ్బా చూడంది నేను దిగ."

ఆరో ఉచ్చులో కుందేలు కాలు చిక్కుకుని ఉంది, బతికే ఉంది. యేసుదాసు మోకాళ్ల మీద కూర్చుని వైరు వదులు చేశాడు. అది రెండు గెంతులేసి ఆగింది. వేటగాడు అలవాటు చావక దానివైపు వంగబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాన్ని ఆపకు. దానికి పాసుంది."