అవ్వ అంబలి కుండ, నా వాటర్ కూలింగ్

మా నాయన మూడు వారాలు కష్టపడి గీసిన నెమలికి నేను అరనిమిషంలో అంబలి తాగించిన సంగతి ఇది. నవ్వదలచుకున్నవాళ్లు మొహమాటపడకండి. ఆ రోజు మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

మాది నగరి. ఇంటి వెనక రెండు మరమగ్గాలు, ముందు గదిలో ఒక కంప్యూటరు. చీరల అంచులకు నాయన దాంట్లోనే డిజైన్లు గీస్తాడు. మే నెల వచ్చిందంటే అది మధ్యాహ్నానికల్లా సొమ్మసిల్లి ఆగిపోయేది. నెమలి అంచు శుక్రవారానికి అందకపోతే వేరేవాళ్లను చూసుకుంటానని పుత్తూరు వ్యాపారి చెప్పేశాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. తిరుపతిలో బీయస్సీ చదివి వచ్చాను కాబట్టి నాకు తెలియని విషయం లేదు.

"నాయనా, దీనికి వాటర్ కూలింగ్ పెడతా."

"అంటే?"

"నీళ్లతో సల్లబరిచేది."

"కరెంటు సామాన్లో నీళ్లా?"

"నీళ్లు గొట్టంలోనే తిరుగుతాయి. యాడా తగలవు."

"పెద్ద ఫ్యాను ఒకటి తెచ్చి పెట్టరాదా అబ్బా?"

ఇంత చదివినవాణ్ని పట్టుకుని ఫ్యాను అంటాడా! మూడు రోజులు ప్లాను గీశాను. ప్రాసెసర్ నెత్తిన కూర్చోబెట్టే, లోపల నీళ్లు పారే రాగి దిమ్మె ఆన్‌లైన్లో తెప్పించాను. చేపల తొట్టికి వాడే సన్న గొట్టం కొన్నాను. పాత ఎయిర్ కూలర్లో నీళ్లు తోడే మోటారు ఊడదీశాను. తిరిగొచ్చిన నీళ్లు చల్లారడానికి మట్టికుండ. కుండను మించిన కూలరు ఎవడు కనిపెట్టాడు, మీరే చెప్పండి? వంటింట్లో ఒకటి బోర్లించి కనిపిస్తే ఎత్తుకొచ్చాను. ఎవరిదని అడగలేదు. గొట్టాల కొసలను పట్టుదారంతో, మా వాళ్ల నేతముడి వేసి బిగించాను.

ఎవరూ నమ్మరు గానీ, అది పనిచేసింది. తొంభై డిగ్రీలు చూపించే ప్రాసెసర్ యాభైకి దిగింది. తెర మీద నెమలి నిబ్బరంగా నిలబడింది.

నాయనను పిలవడానికి మగ్గాల దగ్గరికి పరుగెత్తాను. పక్కింటి మునిరత్నం మామ కూడా వెంట బయలుదేరాడు. ఈలోపు మా అవ్వ రాగి అంబలి కాచి, ఉల్లిముక్కలూ కరివేపాకూ వేసి, తన కుండ కోసం వెతుక్కుంటూ ముందు గదిలోకి వచ్చింది. కుండ అక్కడుంది. అందులో నీళ్లు కూడా ఉన్నాయి. అంబలి పలచన చేయడానికి ఎవరో మంచివాళ్లు పోసి పెట్టారనుకుని, ఉన్నదంతా అందులో కుమ్మరించి వెళ్లింది. గొట్టాలు కనబడలేదా అని తర్వాత అడిగితే, "టెంకాయనీళ్లకు పెట్టరా, అట్ల తాగేదానికి అనుకుంటిరా" అంది.

మేం వచ్చేసరికి మోటారు నిష్ఠగా తిరుగుతోంది.

"సూడు నాయనా, నీళ్లు ఎట్ల పోతా ఉండాయో!"

నాయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఒరే, నీళ్లలో కరేపాకు పోతా ఉండాది."

"అది నీడ నాయనా."

"నీడ ఎనకాల ఎర్రగడ్డ వస్తా ఉండాదే!" అన్నాడు మామ.

ఆ ఉల్లిముక్క రాగి దిమ్మె వాకిట్లో అడ్డం పడింది. మోటారు వెనక్కి తగ్గలేదు. నేతముడి కూడా విడలేదు, ముడితో సహా గొట్టమే ఊడింది. కంప్యూటరు కడుపులోనూ, నెమలి నెత్తినా, మామ తెల్లచొక్కా మీదా పక్షపాతం లేకుండా అంబలి కురిసింది. టప్పుమని చప్పుడు. తెర నల్లబడింది.

మామ చొక్కా మీది చుక్కను వేలితో తీసి నాలుక్కి రాసుకున్నాడు. "బాగుండాది" అన్నాడు.

డిజైనుకు వేరే కాపీ లేదు. కాపీ పెట్టమని నాయన చెప్పిన రోజు నేను ప్లాను గీయడంలో ఉన్నాను. ఆయన తిట్టలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. గ్రాఫు కాగితం పరుచుకుని, మొదటి గడి నుంచి నెమలిని మళ్లీ మొదలుపెట్టాడు. నేను తలెత్తకుండా గడులకు రంగు నింపాను. ఈక ఈకా నాయనకు గుర్తే కాబట్టి, రెండు రోజులు రాత్రీపగలూ కూర్చుని, సరిగ్గా శుక్రవారం సాయంత్రం, కాగితాలు వ్యాపారి చేతిలో పెట్టాం.

"పోయిన వారం తెర మీద సూసినదాని కంటే నెమిలి కొంచెం ఒళ్లు సేసినాది. ఇదే బాగుండాది" అన్నాడాయన.

తర్వాత కంప్యూటరును తిరుపతి తీసుకుపోయాను. బాగుచేసేవాడు మూత తీసి వాసన చూశాడు. "ఏమప్పా, దీనికి కడుపులో బాగలేదా?"

అంబలి పోయనేల, బోర్డు కడగనేల! కడిగి, ఆరబెట్టి, అతను పెదవి విరిచాడు. "ఉత్తనీళ్లయితే బతికేదేమో. ఉప్పు పడినాది గదా, అదే సంపేసినాది."

తప్పు తనదేనని అన్నాళ్లూ మూలన కూర్చున్న అవ్వకు ఇంటికొచ్చి ఈ మాట చెప్పాను. ఆమె నిటారుగా లేచింది.

"ఉప్పు లేని అంబలి ఏ మొగోడు తాగుతాడురా?"

కాబట్టి మా ఇంటి మగ్గం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఏ యంత్రానికీ నీళ్లు పట్టను. పట్టక తప్పకపోతే, ఉప్పు మాత్రం వెయ్యను.