ఎదురింటత్త నడక

మా ఎదురింటత్త చీర కొంగు నడుముకు బిగించి, పిడికిళ్లు మూసుకొని, ఎవరితోనో కొట్లాటకు పోతున్నట్టు నడిచేది. బద్వేలులో వాళ్లక్క రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినప్పుడు మొదలైన నడక అది. "రాదని నేను చెప్పలేనమ్మా. కానీ రోజూ చెమట పట్టేలా నడిచి, ఒళ్లు పెరగకుండా చూసుకుంటే ముప్పు కొంత తగ్గొచ్చు" అని కర్నూలు డాక్టరమ్మ చెప్పిందట. అత్త బజ్జీలు, బోండాలు మానేసి జొన్నరొట్టె, ఆకుకూర పట్టుకుంది. తెల్లవారగానే కల్లూరు వీధులన్నీ చుట్టి వచ్చేది.

వాళ్లాయనకు అది గిట్టలేదు. ఒకరోజు గేటుకు తాళం వేశాడు. అత్త రోకలి తెచ్చి ఆ తాళం పగలగొట్టి, రోకలితోనే వీధిలోకి వచ్చింది. ఆయన వీధిలోకి ఉరికి, ఆమె జుట్టు పట్టుకొని చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం జాకెట్టు మీద కారింది.

"యాడికి పోతాండావే? అందరూ నవ్వుతాండారు!"

అత్త ఆయన చెయ్యి కొరికి విడిపించుకుంది. రోకలి పైకెత్తింది.

"మా యక్కను తినేసిన రోగానికి భయపడి నడుస్తాండా. నీకు భయపడి నిలబడతానా? ఇంగోసారి చెయ్యెత్తు, ఇరగ్గొడతా!"

ఆయన గోడ దాకా వెనక్కి జరిగాడు. మా అమ్మ ముగ్గు వదిలేసి పరిగెత్తి, అత్త పెదవికి తన కొంగు అదిమింది.

"మా ఇంట్లోకి రా వదినా, కాసేపు పండుకుందువు."

"పండుకునేదేంది? నువ్వు కూడా రా" అని అత్త అమ్మ చెయ్యి పట్టి లాగింది.

అమ్మ చెప్పులైనా వేసుకోకుండా ఆమె పక్కన నడిచింది.