ఆదివారం పూసిన వరి

మా పొలం కరీంనగర్‌కు బస్సులో ముప్పావు గంట దూరం. ఆ ఏడు యాసంగి పంటగా మొదటిసారి ఆడమగ వరి వేశాం. విత్తనాల కంపెనీ కోసం పెంచే పంట అది. రెండు మగ వరుసలు, పక్కన ఎనిమిది ఆడ వరుసలు. ఆడ వరికి సొంత పుప్పొడి ఉండదు. బాపు ఒక ఒడ్డున, నేను ఒక ఒడ్డున తాడు పట్టుకుని మగ వరుసలను దులుపుతూ పోవాలి. ఆ పుప్పొడి ఆడ కంకుల మీద పడితేనే గింజ, లేకపోతే తాలు. పూత ఉండేది వారం పది రోజులు. అందులోనూ పువ్వు విచ్చుకునేది పొద్దున పది దాటాక, గంటన్నర సేపే.

మా చర్చిలో ఆరాధన కూడా పదింటికే.

గింజ పట్టకపోతే మళ్లీ విత్తనం ఇవ్వనని కంపెనీ మనిషి ముందే చెప్పిపోయాడు. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. సరిగ్గా నిండు పూతలో ఆదివారం వచ్చింది.

"గీ ఒక్కసారి చర్చికి వద్దు బాపూ" అన్నాను.

"పొద్దుగాల ఏడు గంటలకే గుంజుదాం. ఆరాధన ఇడిశిపెడ్తమా?"

ఏడింటికి తాడు లాగితే మంచు తప్ప ఏమీ రాలలేదు. కంకులన్నీ మూసుకునే ఉన్నాయి.

"పువ్వు ఇచ్చుకోలే బాపూ."

"దేవుడు సూసుకుంటడు."

నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడొచ్చి తాడు పట్టుకుంటాడా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

చర్చిలో కాలుగాలిన పిల్లిలా ఉన్నాను. పాస్టరు వాక్యం చెబుతుంటే నేను గోడ గడియారం చూస్తున్నాను. పదిన్నర. పదకొండు. ఈపాటికి విచ్చుకుని ఉంటాయి, ఊరికే రాలిపోతుంటాయి. కాలు ఊపుతుంటే పక్కనున్న అవ్వ, మా అమ్మ, నా తొడ మీద గిల్లింది. అందరినీ పలకరించి బాపు బయటపడేసరికి ఒంటిగంట. పొలానికి పోతే మగ పువ్వులు వడలి వేలాడుతున్నాయి.

వరి కంకి పైనుంచి కిందికి రోజుకు కొంత పూస్తుంది. కోతలప్పుడు బాపు ఒక ఆడ కంకిని తెంపి వేలితో తడిమాడు. పైన గింజ, కింద గింజ, మధ్యలో వేలెడంత తాలు. ఇంకో కంకి తీశాడు. అదీ అంతే.

"గిది ఆదివారం" అన్నాడు.

కంపెనీ మనిషి మొహం ముడుచుకున్నాడు. బతిమాలితే ఇంకొక్క యాసంగికి విత్తనం ఇచ్చాడు, ఇదే ఆఖరన్నాడు.

ఆ పూతలోనూ ఆదివారం వచ్చింది. ఈసారి నేనే ముందు చర్చికి తయారయ్యాను. చర్చిలో పాట మధ్యలో బాపు లేచాడు. పాటల పుస్తకం మూసి అవ్వ చేతికిచ్చి, నాతో "నడువు" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. బయట చెప్పులు తొడుక్కుని పొలం దారి పట్టాడు.

మేం పోయేసరికి పువ్వులు విచ్చుకుని ఉన్నాయి. తాడు తగలగానే పుప్పొడి పొగలా లేచి ఆడ వరుసల మీద వాలింది. ఏడాదిగా నేను కోరుకున్నది అదే. కానీ అవతలి ఒడ్డున బాపు పెదవులు కదులుతున్నాయి. పాడుతున్నాడు, గొంతు పైకి రావడం లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"జర గట్టిగ పట్టు బిడ్డా" అన్నాడు. "తాడు జారుతున్నది."