ఆగని బెల్టు మీద డీబగ్గర్

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది, పలాసలోని ఇంటి నుంచే పని కొనసాగించమని కంపెనీ నాకు ఉత్తర్వు ఇచ్చింది. హోదా ప్రిన్సిపల్ ఇంజనీరు. కింద ఇద్దరు, పైన సలహాలిచ్చేవారు అసంఖ్యాకం. యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ఒకదానికి కొత్త డీబగ్గర్ రాయాలి. డీబగ్గర్ అంటే, మరో ప్రోగ్రామ్ ఎక్కడ తప్పు చేస్తోందో లోపలికి తొంగిచూసే ప్రోగ్రామ్. మాది ఓపెన్ సోర్స్ కనుక రాసినదంతా అందరికీ కనిపిస్తుంది. పొద్దున నేను చేసిన పొరపాటును సాయంత్రానికల్లా ఏ దేశం నుంచో ఎవరో మర్యాదగా ఎత్తిచూపేవారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషికి అంత మర్యాద కూడా అలసటే.

దాన్ని పరీక్షించడానికి నిజమైన తప్పు ఒకటి కావాలి. వరసకు బావ అయ్యే ధర్మారావు జీడి ఫ్యాక్టరీలో అది సిద్ధంగా ఉంది. అతను కొన్న యంత్రం బెల్టు మీద కదిలే పప్పును కెమెరాతో చూసి, విరిగిన బద్దలను గాలి ఊది పక్క ట్రేలోకి నెడుతుంది. దాన్ని నడిపేది మా ఆపరేటింగ్ సిస్టమే. మధ్యాహ్నమయ్యేసరికి విరగని గుండు పప్పునూ బద్దల్లోకి తోసేసేది. అమ్మినవాళ్ళు ఫోనెత్తడం మానేశారు. యంత్రం రాగానే పప్పు ఏరే ఆడవాళ్ళను మాన్పించిన ధర్మారావు, దాని తప్పులు దిద్దడానికి వాళ్ళలోనే మరియమ్మ అనే ఆమెతో కలిపి నలుగురిని ఉంచుకున్నాడు. యంత్రం తప్పు చేసినంతకాలమే వాళ్ళకు పని. అది నాకు మొదటిరోజే అర్థమైంది.

డీబగ్గర్‌లో ముందుగా వాడేది బ్రేక్‌పాయింటు. ప్రోగ్రామ్ ఫలానా వరుసకు రాగానే ఆగిపోతుంది, మనం తీరిగ్గా చూసుకోవచ్చు. పెట్టాను. ప్రోగ్రామ్ ఆగింది. బెల్టు ఆగలేదు. ఊదే గాలి లేక గుండూ బద్దా కలిసి ఒకే గంపలో పడ్డాయి. ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డునూ కెర్నెల్ అంటారు, ఇంగ్లీషులో జీడిపప్పునూ కెర్నెలే అంటారు. నేను రెండు పప్పుల్లోనూ ఒకేసారి కాలేశాను.

“ఏటి బావా, బాగుసేత్తావనుకుంటే అంతా కలిపేత్తన్నావు!” అన్నాడు ధర్మారావు.

మరియమ్మ గంప ముందుకు లాక్కుంది. “ఆ బాబునేటీ అనకండి. రేపు కూడా రమ్మనండి. మాకు వారం పని సూపించినారు” అంది. మిగతా ముగ్గురూ పకపకా నవ్వారు.

పైగా ప్రోగ్రామ్‌ను ఆపి మళ్ళీ నడిపితే తప్పు మాయమయ్యేది. అందుకని పద్ధతి మార్చాం. ప్రోగ్రామ్‌ను ఆపకుండా, అది దాటే ఒక్కో మెట్టు దగ్గర చిన్న గుర్తు మాత్రం రాసిపెట్టడం. దీన్ని ట్రేసింగ్ అంటారు. మేం రాసినదాన్ని ఓపెన్ సోర్స్ సమీక్షకులు పలుమార్లు తిప్పిపంపారు. జీడి సీజను సగమైంది. చివరికి గుర్తులే దారి చూపాయి: కెమెరాను నడిపే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ కొంచెం కొంచెంగా వెనకబడుతోంది. ముందు వెళ్ళిన బద్దకు తగలాల్సిన గాలి వెనక వచ్చే గుండుకు తగులుతోంది. నేను ఆపినప్పుడల్లా ఆ ఆలస్యం సర్దుకుపోయేది.

“దొరికిందేటి బాబూ?” అని మరియమ్మ అడిగింది. దొరికిందన్నాను. “ఇన్నాళ్ళు దొరకనిది, ఇంకో నెల దాక్కుంటే దాని సొమ్మేటి పోయింది?” అని చేతులు దులుపుకుంది.

తప్పు సరిచేశాక, పని పోయిన ఆ నలుగురినీ ప్యాకింగులోకి తీసుకోమని ధర్మారావుకు చెప్పాను. “సూద్దాం బావా” అన్నాడు. ఆ మాటకు అర్థం మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరిని తీసుకున్నాడు. మరియమ్మ జలంత్రకోట వైపు, ఇంకా చేత్తో ఏరించే చోట చేరింది. నేను రిటైరయ్యాక అక్కడి యజమాని ఫోన్ చేశాడు. తనూ అదే యంత్రం కొన్నాడట, ఒకసారి వచ్చి చూడమన్నాడు. నేను రానక్కర్లేదన్నాను. డ్రైవర్ కూడా ఓపెన్ సోర్సే. మా సవరణ అప్పటికే అతని యంత్రంలో ఉంది. మరియమ్మ దిద్దడానికి అక్కడ తప్పేమీ మిగల్లేదు.

నడుస్తున్నదాన్ని ఆపి చూస్తే ఆగినదాని సంగతే తెలుస్తుందని ఆ పనిలో నేర్చుకున్నాను. తప్పు ఏ వరుసలో ఉందో డీబగ్గర్ చెబుతుంది. ఆ తప్పు మీద ఎవరు బతుకుతున్నారో చెప్పే సదుపాయం కావాలని ఎవరూ అడగలేదు. నేనూ రాయలేదు.