ఫొటో అంచున పాప

చెన్నై ఎగ్మూరులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి రాజపాళయం చేరతాం. స్లీపర్ టికెట్టు ముందుగానే తీసుకోండి, లేకపోతే నాలాగా సైడు బెర్తులో కాళ్లు ముడుచుకుని పడుకోవాలి. అక్కడొక బడిలో పిల్లలకు ఫొటోలు తీయడంలో మెలకువలు, ఏఐ బొమ్మల్ని పోల్చుకునే తీరు చెప్పడానికి బయలుదేరాను. ఆ మాట విని ఎదుటి బెర్తులోని మిల్లు ఉద్యోగి, రాజపాళయం తెలుగువాడే, నవ్వాడు.

“మా ఊర్ల ఇప్పుడు చచ్చినోళ్లు కూడా పోన్ల మాట్లాడతారు సార్.”

బస్టాండు దగ్గర లాడ్జిలో స్నానం చేసి, ఇడ్లీ తిని, తొమ్మిదికల్లా బడికి వెళ్లాను. పడమటి కొండల మీద మబ్బు బాగా కిందికి దిగి ఉంది. ఫొటోలో మనిషి ఎటు చూస్తుంటే అటు చోటు వదలాలనీ, అంచు దగ్గర చెయ్యి తెగకూడదనీ చెప్పాను. ఏ బొమ్మనైనా నమ్మే ముందు అసలుది ఎక్కడుందో అడగమన్నాను.

క్లాసు ఏర్పాటు చేసిన టీచరు వసంత మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పిలిచింది. దారిలో అసలు సంగతి బయటపెట్టింది. వాళ్ల మామగారు పోయి ఏడాది కావస్తోంది. గోడకు పెట్టడానికి ఆయన పాత ఫొటోను స్టూడియోవాళ్లు ఏఐతో వెడల్పు చేస్తే, పక్కన ఒక పాప వచ్చి చేరింది. అది చిన్నప్పుడే పోయిన తన కూతురేనంటోంది అత్తగారు రంగమ్మ. రోజూ దానికి తానే జడలు వేసేదాన్నని చెప్పుకుంటూ, దానికీ ఒక ఆకు వేసి అన్నం పెడుతోంది. తన మాట వినదు గనుక, అది మెషిన్ కల్పించిన బొమ్మేనని నన్ను చెప్పమంది వసంత.

ఫొటో ముందు చిన్న ఆకులో పెరుగన్నం ఉంది. రంగమ్మ పాత ఫొటో కూడా తెచ్చి చూపింది. అందులో ఆయన అంచున నిలబడ్డాడు, ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర తెగింది. కాళ్ల దగ్గర ఆ ఊరి జాతి తెల్ల కుక్క ఒకటి ఫొటో బయటికి, నడుమెత్తున, ఎవరినో చూస్తోంది. కొత్త ఫొటోలో సరిగ్గా అక్కడే రెండు జడల పాప ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. నా పాఠం ఒప్పజెప్పాను. చూపు, చెయ్యి ఎటుంటే అటు ఏదో ఒకటి కల్పించడం మెషిన్‌కు అలవాటేననీ, అక్కడ ఎవరూ లేరనీ అన్నాను.

“ఉండె సార్,” అంది రంగమ్మ. “గుడిల దానికి గుండు, మొట్టై కొట్టించినాము. మొట్టై తలతో ఆడపిల్లను పోటో తీయరాదు, వెంట్రుక పెరగనీ అని మా అత్త దాన్ని పక్కకు నిలబెట్టమనె. అది వాళ్ల నాయన చెయ్యి విడవలేదు. జడకు అందేంత వెంట్రుక ఎప్పుడూ పెరగలేదు, అంతలోనే పోయినాది.”

వసంత మెల్లగా అడిగింది.

“అయితే ఈ జడలు ఎవరివి అత్తా?”

రంగమ్మ అరచెయ్యి గాలిలో, నడుమెత్తున, కాసేపు తడుముకుంది. ఆమె ముఖంలో భయం చూశాను.

“ఇన్నేండ్లు ఆ మొట్టై తల నా చేతిల ఉండె. ఇప్పుడు తడివితే జడలే తగులుతా ఉండాయి.” కళ్లు తుడుచుకుంది. “పాతది ఎంతవరకు ఉండాదో అంతవరకే పెట్టి, మిగిలింది కోసేయండి సార్.”

బ్లేడుతో నేనే కోశాను. ఆ ముక్క ఇంట్లో ఉంచొద్దని రంగమ్మ అంటే సంచిలో వేసుకున్నాను.

రాత్రి అదే రైల్లో తిరుగు ప్రయాణం. ఊరు బాగుంది, తిండి బాగుంది, మనుషులు మరీ మంచివాళ్లు. ఆ ముక్కను చించి కిటికీలోంచి పారేశాను. నేనెన్నడూ ఎరగని ఆ పాపను ఒక్కసారి గుండుతో ఊహించుకుందామని కళ్లు మూసుకున్నాను. రెండు జడలతోనే వచ్చింది.